అరుగు మీద అమెరికా

పొద్దున్నే చేతిలో చాయ్ గ్లాసు, ఒళ్లో పేపరు, నోట్లో ట్రంప్! జనగామ స్టేషన్లో రైలెక్కినా, మానుకోటలో దిగినా, భూపాలపల్లి బొగ్గుగని గేటు దగ్గర కాసేపు ఆగినా ఈ ముచ్చట చెవిన పడాల్సిందే. ఎక్కడో ఏడు సముద్రాల అవతలి దేశం గురించి ఇక్కడ ఇంత రభస దేనికంటారా? అక్కడి పెద్దాయన ఓ సంతకం పెడితే ఇక్కడ పత్తి ధర మారుతుంది. కొడుకు విమానం టికెట్ తేదీ మారుతుంది. అందుకే మరి!

కొన్నెలో కొత్త దేవుడు

జనగామ జిల్లా బచ్చన్నపేట మండలంలో కొన్నె అనే ఊరుంది. 2019లో ఆ ఊరి పేరు దేశదేశాల పత్రికలకెక్కింది. కారణం ఓ ఆరడుగుల విగ్రహం. అది రాముడిదీ కాదు, మల్లన్నదీ కాదు, మన నాయకుల్లో ఎవరిదీ కాదు. అప్పటి అమెరికా అధ్యక్షుడు డొనాల్డ్ ట్రంప్‌ది! ఊరికి చెందిన బుస్సా కృష్ణ తన ఇంటి దగ్గర దాన్ని పెట్టించాడు. రోజూ బొట్టు పెట్టి, దండ వేసి, అభిషేకం చేసి హారతి ఇచ్చేవాడు. ట్రంప్ నిండు నూరేళ్లు బతకాలని శుక్రవారాలు ఉపవాసం ఉండేవాడు. ఏ పని మొదలుపెట్టాలన్నా ముందు జేబులోని ట్రంప్ ఫొటోకి దణ్ణం పెట్టుకోవాల్సిందే. ఇంటికి అతను పెట్టుకున్న పేరు ‘శ్రీకృష్ణ’. ఊళ్లో అందరూ పిలిచే పేరు మాత్రం ‘ట్రంప్ హౌస్’. అతనేమో ట్రంప్ కృష్ణ!

టీవీ కెమెరాలు బారులు తీరాయి. ప్రపంచం చూసింది, నవ్వుకుంది, మర్చిపోయింది. ఆ పూజ ఎక్కడ మొదలైందో ఆ నవ్వుల్లో చాలామంది పట్టించుకోలేదు. 2017 ఫిబ్రవరి 22న కాన్సస్ రాష్ట్రంలోని ఒలేతా పట్నంలో, గార్మిన్ కంపెనీ ఇంజినీరు కూచిభొట్ల శ్రీనివాస్ స్నేహితుడితో కలిసి ఓ బార్‌లో కూర్చుని ఉండగా ఓ దుండగుడు ‘మా దేశం నుంచి పొండి’ అని అరుస్తూ కాల్చాడు. 32 ఏళ్ల శ్రీనివాస్ చనిపోయాడు. స్నేహితుడికి, అడ్డుకోబోయిన ఓ అమెరికన్‌కు గాయాలయ్యాయి. హంతకుడికి 2018లో యావజ్జీవ శిక్ష పడింది. ఆ హత్య తనను కలచివేసిందనీ, అమెరికా అధ్యక్షుడికీ అక్కడి జనానికీ మన గొప్పదనం తెలియాలంటే ప్రేమ చూపించడమొక్కటే దారి అనుకున్నాననీ కృష్ణ అప్పట్లో విలేకరులకు చెప్పుకున్నాడు.

ఇది పిచ్చి అనేవాళ్లు అననీ. తెలంగాణ పల్లెకు మాత్రం ఈ తర్కం కొత్తేం కాదు. మశూచి వచ్చిననాడు ఊరు పోచమ్మకు బోనమెత్తింది. కలరా వస్తే పొలిమేరలో కోడిని కోసింది. తన చేతిలో లేని శక్తి కోపంగా ఉన్నప్పుడు దానికి చల్ల పోసి శాంతింపజేయడం తాతల నాటి పద్ధతి. కృష్ణ ఆ పద్ధతిని వాషింగ్టన్ దాకా తీసుకెళ్లాడు, అంతే తేడా!

2020 ఫిబ్రవరి 24న ట్రంప్ అహ్మదాబాద్‌లో దిగినప్పుడు ఒక్కసారి కలిపించమని కృష్ణ వేడుకున్నాడు. కుదరలేదు. అదే ఏడాది అక్టోబరు మొదట్లో ట్రంప్‌కి కరోనా సోకిందని తెలిసి అతను తిండీ నిద్రా మానేశాడని దగ్గరివాళ్లు చెప్పారు. అక్టోబరు 11న మెదక్ జిల్లా తూప్రాన్‌లోని బంధువుల ఇంట్లో గుండెపోటుతో కన్నుమూశాడు. నలభై ఏళ్లయినా నిండలేదు. అప్పటికి ట్రంప్ ఆసుపత్రి నుంచి తిరిగొచ్చి ఆరు రోజులైంది.

ఆకాశం కూలుతుందన్న రాత్రి

అమెరికా ఈ పల్లెల నెత్తిన కూర్చోవడం ట్రంప్‌తో మొదలవలేదు. ఓసారైతే నిజంగానే నెత్తిన పడబోయింది!

1973లో అమెరికా ‘స్కైలాబ్’ అనే అంతరిక్ష కేంద్రాన్ని ఆకాశంలోకి పంపింది. బరువు 77 టన్నులు. 1974 తర్వాత అందులో మనుషుల్లేరు. కక్ష్య కుంగిపోతూ 1979 జులై నాటికి భూమ్మీద పడటం ఖాయమని తేలింది. ఎక్కడ పడుతుందో మాత్రం నాసా చెప్పలేకపోయింది. శకలం తగిలి ఎవరో ఒకరు గాయపడే అవకాశం 152లో ఒక వంతు అని లెక్క చెప్పింది. ఆ లెక్క రేడియోలోంచి ఊళ్లోకి చేరేసరికి 152 పోయి ‘పడుతుంది’ అన్న ముక్కే మిగిలింది.

ఆ నాలుగు రోజుల కథలు నేటికీ ముసలివాళ్లు నవ్వుతూ చెబుతారు. చావు ఎలాగూ తప్పదని కోళ్లూ మేకలూ కోసుకున్నారు. దాచుకున్న డబ్బు కల్లు మండువాల్లో ఖర్చయింది. ఎన్నడూ మాట్లాడుకోని అన్నదమ్ములు కలిసి భోంచేశారు. అప్పులిచ్చినవాళ్లు వసూలుకి తొందరపడితే, తీసుకున్నవాళ్లు ‘రేపు చూద్దాం’ అన్నారు. ఆ రేపు ఉంటుందో లేదో తెలియదు కదా! జులై 11 రాత్రి గడిచింది. శకలాలు హిందూ మహాసముద్రంలోనూ, పశ్చిమ ఆస్ట్రేలియాలోని ఎస్పరెన్స్ పరిసరాల్లోనూ పడ్డాయి. తెల్లారి లేచి చూసుకుంటే ఆకాశం అక్కడే ఉంది, కోళ్లగూడే ఖాళీ! ఆ సమయంలో పుట్టిన పిల్లలకు స్కైలాబ్ అని పేరు పెట్టినవాళ్లూ ఉన్నారు. 2021లో ఇదే కథాంశంతో తెలుగులో ఓ సినిమా కూడా వచ్చింది.

ఇందులో ఓ కొసమెరుపు ఉంది. అమెరికావాళ్లు దాన్ని తమ మీద పడకుండా చూసుకుని ఇటు తోలుతున్నారేమోనని అనుమానించినవాళ్లు మరీ అంత అమాయకులేం కాదు. చివరి గంటల్లో నాసా ఇంజినీర్లు స్కైలాబ్‌ను పల్టీలు కొట్టేలా తిప్పి, ఉత్తర అమెరికా దాటాకే కిందికి దిగేలా చేసిన మాట నిజమే. వాళ్ల గురి దక్షిణాఫ్రికా దిగువన సముద్రం. గురి కాస్త తప్పింది. చెత్త పడేసినందుకు ఎస్పరెన్స్ పురపాలకులు నాసాకు 400 డాలర్ల జరిమానా రాశారు!

రేషన్ షాపులో విదేశాంగ విధానం

అంతకు ముందు తరానికి అమెరికా అంటే గోధుమలు. 1956లో కుదిరిన పీఎల్-480 ఒప్పందం కింద ఓడల్లో వచ్చిన ధాన్యం. బళ్లో పిల్లలకు పెట్టిన ఉప్మా, పాలపొడి. అన్నం తినే ఊళ్లకు గోధుమలతో ఏం చేయాలో తెలియక తిప్పలుపడ్డ రోజులవి. 1965, 66 కరువుల్లో అమెరికా అధ్యక్షుడు జాన్సన్ ఆ ఓడల్ని నెలనెలా లెక్కపెట్టి వదిలాడు. వియత్నాం యుద్ధాన్ని మన ప్రభుత్వం తప్పుపట్టడం ఆయనకు గిట్టలేదు. అంటే, వియత్నాం మీద ఢిల్లీ మాట్లాడే మాటకూ మానుకోట రేషన్ షాపులో సంచి నిండటానికీ లంకె ఉందన్నమాట. ఆ గోధుమలతోపాటే వయ్యారిభామ కలుపు కూడా దిగిందని చాలామంది శాస్త్రవేత్తలు చెబుతారు. గోధుమలు ఎప్పుడో అయిపోయాయి. వయ్యారిభామ మాత్రం ఇప్పటికీ గట్ల మీద తెల్లగా పూస్తూనే ఉంది.

ఇక్కడివాళ్లకు ప్రపంచ రాజకీయాలు మాట్లాడటం నేర్పింది ఎర్రజెండా. సాయుధ పోరాటపు గడ్డ ఇది. దేవరుప్పుల మండలం కడవెండిలో దొడ్డి కొమురయ్య నేలకొరిగింది 1946 జులై 4న. అమెరికాలో స్వాతంత్ర్య దినం టపాసులు కాలే రోజే జనగామ పల్లెల్లో కొమురయ్య స్థూపం మీద పూలు పడతాయి. ఇది కాకతాళీయమే అయినా, ‘అమెరికా సామ్రాజ్యవాదం నశించాలి’ అని గోడల మీద ఎర్రరంగుతో రాసిన తరానికి అది కాకతాళీయంగా అనిపించి ఉండదు. 1971 డిసెంబరులో బంగ్లాదేశ్ యుద్ధం వేళ అమెరికా తన సెవెంత్ ఫ్లీట్ నుంచి ఎంటర్‌ప్రైజ్ అనే అణు విమానవాహక నౌకను బంగాళాఖాతం వైపు పంపినప్పుడు ఆ రాతలకు మరింత రంగు తేలింది.

మరో సంగతి. ఈ ప్రాంతం దేశానికి ఓ విదేశాంగ మంత్రినే ఇచ్చింది. లక్నేపల్లిలో పుట్టిన పీవీ నరసింహారావు 1980లో ఆ శాఖ చేపట్టినప్పుడు హన్మకొండ ఎంపీ. ప్రధానిగా 1994 మే 18న అమెరికా కాంగ్రెస్ ఉభయసభల్లో మాట్లాడారు. ‘మన జిల్లా మనిషి’ అక్కడ నిలబడ్డాడన్న ధీమా ఉన్నవాళ్లకు విదేశీ వ్యవహారాలు పరాయివెలా అవుతాయి?

గోల్కొండలో యుద్ధం

సికింద్రాబాద్ నుంచి గుంటూరు వెళ్లే గోల్కొండ ఎక్స్‌ప్రెస్ జనగామ, కాజీపేట, వరంగల్, మహబూబాబాద్ మీదుగానే పోతుంది. రోజువారీ ప్రయాణికులకు అదో కదిలే రచ్చబండ. 2025 మే నెలలో ఇలాంటి రైళ్లలో జరిగినన్ని క్షిపణి చర్చలు బహుశా ఏ సైనిక కళాశాలలోనూ జరిగి ఉండవు!

మే 7 తెల్లవారుజామున ‘ఆపరేషన్ సిందూర్’ మొదలైంది. నాలుగు రోజులపాటు ఎస్-400, బ్రహ్మోస్, ఆకాశ్, ఎఫ్-16, డ్రోన్ల పేర్లు చిన్నపిల్లలకు కూడా నోటికొచ్చేశాయి. ఎస్-400 నాలుగొందల కిలోమీటర్ల దూరాన్ని కాస్తుంటే పాతిక ముప్ఫై కిలోమీటర్ల ఆకాశ్ ఎందుకంటాడు ఓ కుర్రాడు. పొలానికి కంచె ఉందని ఇంటికి తలుపు మానేస్తామా, తలుపుందని బీరువాకు తాళం మానేస్తామా అని పక్కనున్న పెద్దాయన జవాబు. లెక్క సరైందే. గగనతల రక్షణ అంటే పొరలు పొరలుగానే ఉంటుంది. దూరాన దాటిపోయినదాన్ని దగ్గర్లో పట్టాలి.

ఆకాశ్ పేరెత్తితే ఇక్కడివాళ్ల ఛాతీ కాస్త పొంగుతుంది. దాని రూపకల్పన హైదరాబాద్ డీఆర్‌డీఎల్‌లో, తయారీ భారత్ డైనమిక్స్‌లో. 1983లో మొదలైన సమగ్ర క్షిపణి కార్యక్రమంలో పుట్టిన బిడ్డ అది. కంచన్‌బాగ్‌లో పనిచేసే చుట్టమో, చుట్టానికి చుట్టమో ఉన్న ఇల్లు ఈ దారిలో కొదవేం కాదు. రష్యా నుంచి ఎస్-400 కొనడానికి 2018లో ఒప్పందం చేసుకున్నప్పుడు అమెరికా తన ఆంక్షల చట్టాన్ని చూపించి బెదిరించింది. మన దేశం వెనక్కి తగ్గలేదు. ఆంక్షలూ పడలేదు. ‘చూశారా, గట్టిగా నిలబడితే వాళ్లే తగ్గుతారు’ అనే వర్గానికి ఇదే పెద్ద ఆయుధం.

అసలు గొడవ మే 10న వచ్చింది. కాల్పుల విరమణ కబురు మన ప్రభుత్వం నోటి నుంచి రాకముందే ట్రంప్ బయటపెట్టాడు. తానే కుదిర్చానన్నాడు. పాకిస్థాన్ సైనికాధికారే మధ్యాహ్నం 3.35కి ఫోన్ చేశాడనీ, ఇద్దరు అధికారులే మాట్లాడుకుని సాయంత్రం 5 గంటల నుంచి ఆపారనీ మన విదేశాంగ కార్యదర్శి ప్రకటించారు. మధ్యవర్తి ఎవరూ లేరని ఢిల్లీ ఎన్నిసార్లు చెప్పినా ట్రంప్ తన పాట మానలేదు. ‘పెళ్లి కుదిర్చింది నేనే అని చెప్పుకొనే పేరయ్యలు ప్రతి ఊళ్లో ఉంటారు’ అని నవ్వేసేవాళ్లు ఒకవైపు. ‘నిప్పు లేనిదే పొగ రాదు’ అనేవాళ్లు ఇంకోవైపు. రైలు కాజీపేట చేరినా తెగదు.

ఆ మరుసటి నెలే, జూన్ 22న, అమెరికా బీ-2 బాంబర్లు ఇరాన్ అణుకేంద్రాల మీద దాడి చేశాయి. ఏడు విమానాలు, ఒక్కోటి దాదాపు 13,600 కిలోల బరువున్న 14 బాంబులు, రానూపోనూ సుమారు 37 గంటల ప్రయాణం. పేపర్లో ఈ అంకెలు చదివి అబ్బురపడ్డవాళ్లు ఎందరో. కానీ కొన్ని ఇళ్లలో కళ్లు మరో ముక్క దగ్గర ఆగాయి. ఆ విమానాలు లేచింది మిస్సోరిలోని వైట్‌మన్ స్థావరం నుంచి. అక్కడికి పదిమైళ్ల దూరంలోని వారెన్స్‌బర్గ్‌లోనే యూనివర్సిటీ ఆఫ్ సెంట్రల్ మిస్సోరి ఉంది. తెలుగు పిల్లలు పెద్దసంఖ్యలో ఎంఎస్ చదివే చోటు! ప్రపంచాన్ని వణికించిన విమానాలకు ఇంటిపొరుగున మన పిల్లాడి అద్దె గది అన్నమాట. ఫోన్లు మోగాయి. తిన్నావా, పడుకున్నావా అన్న ప్రశ్నల మధ్య ఇరాన్ గురించీ ఓ ప్రశ్న!

గని గేటు దగ్గర వేరే లెక్క

భూపాలపల్లికి రైలు లేదు. అక్కడ రచ్చబండ అంటే కేటీకే గనుల గేటు, బస్టాండు. షిఫ్టు మారే వేళ యూనియన్ల గేట్ మీటింగుల్లో వేజ్‌బోర్డు, కారుణ్య నియామకాలతోపాటు ప్రపంచబ్యాంకు, అమెరికా కూడా ఎప్పుడూ వినబడేవే. ఇప్పుడు వాటికి వాతావరణం తోడైంది.

ఈ జిల్లా బతుకు బొగ్గు మీద. చెల్పూరులోని కాకతీయ థర్మల్ కేంద్రం 1,100 మెగావాట్లదీ బొగ్గే. భూమి వేడెక్కకుండా ప్రపంచమంతా బొగ్గు తగ్గించుకోవాలన్న పారిస్ ఒప్పందం నుంచి ట్రంప్ రెండోసారి 2025 జనవరిలో బయటికొచ్చేశాడు. ఏప్రిల్ 8న గనికార్మికులను వెనక నిలబెట్టుకుని బొగ్గుకు ఊతమిచ్చే ఉత్తర్వుల మీద సంతకాలు చేశాడు. ఒక్కో అమెరికన్ వల్ల ఏటా గాలిలో కలిసే బొగ్గుపులుసు వాయువు 14 టన్నుల దాకా ఉంటే మన దగ్గర మనిషికి రెండు టన్నులే. ‘వాళ్లు తవ్వుకుంటారట, మనం మానాలట!’ అని మండిపడే కార్మికుడి మాట కాదనలేం. కానీ ఓపెన్‌కాస్ట్ దుమ్ము పీల్చేది అమెరికావాడు కాదు, మన పిల్లలే కదా అని గుర్తుచేసే గొంతులూ ఆ గేటు దగ్గరే ఉంటాయి. బొగ్గు తగ్గినరోజు భూపాలపల్లి ఏం తిని బతకాలన్న ప్రశ్నకు మాత్రం ఈ రెండు పక్షాల్లో ఎవరి దగ్గరా జవాబు లేదు.

తెల్లబంగారం... నల్లని కథ

అన్నింటికన్నా పాత తగాదా పత్తిది. మూడు జిల్లాలకూ ఉమ్మడి పంట అదే. అమెరికా ఇక్కడ రైతుకు అర్థమైనంతగా ఏ అంతర్జాతీయ వ్యవహారాల నిపుణుడికీ అర్థమై ఉండదు.

1997, 98లో లద్దెపురుగు చేలను తినేస్తే, పనిచేయని మందులకు చేసిన అప్పులు తీర్చలేక ఉమ్మడి వరంగల్ జిల్లాలో పత్తిరైతులు వరుసగా ప్రాణాలు తీసుకున్నారు. ఆ గాయం మీద మందులా వచ్చింది బీటీ విత్తనం. 2002లో మన దేశంలో అనుమతి దొరికిన ఆ పరిజ్ఞానం అమెరికా కంపెనీ మోన్‌శాంటోది. 450 గ్రాముల ప్యాకెట్ ధర 1,600 రూపాయలు దాటింది. అందులో పెద్దభాగం రాయల్టీ. ఊరుకుంటే అలాగే సాగేదేమో! అప్పటి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 2006లో గుత్తాధిపత్య నిరోధక కమిషన్‌కు వెళ్లింది. ఆ ఏడాది విత్తే వేళకు ప్యాకెట్ ధర 750 రూపాయలకు దిగింది. అమెరికాతో వాదించి గెలిచిన సందర్భాలు చెప్పమంటే ఇక్కడి రైతుసంఘాలవాళ్లు ఇప్పటికీ దీన్నే ముందు చెబుతారు. నిజానికి అంత పెద్ద గెలుపుకి రావాల్సినంత పేరు రాలేదు.

విత్తనం సంగతి అలా ఉంటే, ధర సంగతి వేరు. అమెరికాలో పత్తి పండించే కుటుంబాలు ఈ శతాబ్దం మొదట్లో పాతిక వేలే. వాళ్లకు 2001-02లో ప్రభుత్వం ఇచ్చిన రాయితీలు మూడొందల కోట్ల డాలర్లకు పైమాటే అని అంతర్జాతీయ సంస్థలు లెక్కతేల్చాయి. ఆ అండతో ప్రపంచ మార్కెట్లో చవగ్గా అమ్మితే మిగిలిన దేశాల రైతు ధర దెబ్బతింటుంది. బ్రెజిల్ ఊరుకోలేదు. 2002లో ప్రపంచ వాణిజ్య సంస్థకెక్కి కేసు గెలిచింది. చివరికి 2014లో అమెరికా మరో 30 కోట్ల డాలర్లు చెల్లించి రాజీ చేసుకుంది.

ఇక 2025. మన సరుకుల మీద అమెరికా ఆగస్టు 7న 25 శాతం సుంకం వేసింది. రష్యా చమురు కొంటున్నామన్న కోపంతో 27 నుంచి మరో 25 శాతం. తిరుప్పూరు, సూరత్ బట్టల మిల్లులు గగ్గోలుపెట్టాయి. వాటికి పత్తి చవగ్గా దొరకాలని కేంద్రం విదేశీ పత్తి మీదున్న 11 శాతం దిగుమతి సుంకాన్ని ఆగస్టు 19 నుంచి ఎత్తేసింది. మొదట సెప్టెంబరు నెలాఖరు దాకా అన్నారు. తర్వాత డిసెంబరు 31 దాకా పొడిగించారు. తెలంగాణలో పత్తి తీసేది అక్టోబరు నుంచి డిసెంబరు వరకు! సరిగ్గా మన పత్తి మార్కెట్‌కొచ్చే వేళకు తలుపులు తెరిచారన్నమాట. దెబ్బ కొట్టింది ట్రంప్, తగిలింది మిల్లుకి, కట్టు కట్టింది రైతు ఒంటి గుడ్డ చింపి!

మద్దతు ధర ఉంది కదా అనొచ్చు. ఆ ఏడాది పొడవుపింజ పత్తికి క్వింటాలుకు 8,110 రూపాయలు. కానీ సీసీఐ కొనాలంటే తేమ 12 శాతం దాటకూడదు, పూర్తి ధర రావాలంటే 8 శాతమే ఉండాలి. కొత్తగా ఫోన్లో కపాస్ కిసాన్ యాప్‌లో స్లాట్ బుక్ చేసుకోవాలి. స్లాట్ దొరికేదాకా ఆగలేనివాళ్లు, తేమ తేలినవాళ్లు ప్రైవేటు వ్యాపారి చెప్పిన రేటుకి ఇచ్చేయాల్సిందే. ఆ రేటులోనే ఉంటుంది వాషింగ్టన్! ఇక్కడా రెండో వాదం లేకపోలేదు. సంగెం, గీసుగొండ మండలాల్లో కాకతీయ మెగా టెక్స్‌టైల్ పార్కు ఉంది. బట్ట అమ్ముడుపోకపోతే అక్కడ కొలువుల కోసం చూస్తున్న మన పిల్లల గతేంటని అడిగేవాళ్లున్నారు. రెండూ ఒకే ఇంటి ప్రశ్నలు కావడమే చిక్కు.

మాట్లాడితే వీసా రాదా?

ఆ ఇంట్లోనే మూడో ప్రశ్న కూడా ఉంది. పత్తి డబ్బుతో, పొలం తాకట్టుతో, బ్యాంకు రుణంతో అమెరికా పంపిన కొడుకు, కూతురు. 2023-24లో అమెరికాలో చదివే మన దేశ విద్యార్థులు 3,31,602 మంది. చైనాను దాటి మొదటిస్థానం. అందులో తెలుగువాళ్ల వాటా ఎంత పెద్దదో హైదరాబాద్ కాన్సులేట్ ముందు క్యూ చూస్తే తెలుస్తుంది. 2008లో బేగంపేటలోని పైగా ప్యాలెస్‌లో మొదలైన ఆ కార్యాలయం 2023లో నానక్‌రామ్‌గూడలోని భారీ భవనంలోకి మారింది.

2025 మే నెలాఖరులో విద్యార్థి వీసాల కొత్త ఇంటర్వ్యూలు ఆగిపోయాయి. జూన్ 18 తర్వాత మళ్లీ మొదలయ్యాయి, ఓ షరతుతో. దరఖాస్తుదారు తన సోషల్ మీడియా ఖాతాలన్నీ అందరికీ కనబడేలా తెరిచి ఉంచాలి. అధికారులు చూస్తారు! అంతే... గాజా మీద, ట్రంప్ మీద, పాలస్తీనా మీద, సుంకాల మీద ఎడాపెడా రాసిన పిల్లలు రాత్రికి రాత్రి పాత రాతలు చెరుపుకోవడంలో పడ్డారు. అరుగు మీద గంట సేపు అమెరికాను తిట్టొచ్చిన తండ్రి, ఇంటికొచ్చి ‘ఆ పోస్టు తీసేశావా బిడ్డా’ అని అడగాల్సి వచ్చింది. వాదించుకోవడం హక్కుగా పెరిగిన నేలలో మౌనం కూడా ఫీజులో భాగమైంది. ప్రపంచానికి భావప్రకటన స్వేచ్ఛ పాఠాలు చెప్పే దేశం పెట్టిన ఫీజు ఇది!

సెప్టెంబరు 19న మరో పిడుగు. కొత్తగా హెచ్-1బీ కోసం విదేశాల నుంచి తెచ్చుకునే ఉద్యోగికి కంపెనీ లక్ష డాలర్లు కట్టాలన్న ప్రకటన. అంటే దాదాపు 88 లక్షలు. ఈ వీసాలు పొందేవాళ్లలో 70 శాతం పైగా మనవాళ్లే. పాతవాళ్లకు, పొడిగింపులకు వర్తించదని తర్వాత చెప్పినా, ఆ రెండు రోజులూ సెలవు మీద ఇంటికొచ్చినవాళ్లు పెట్టెలు సర్దుకుని విమానాశ్రయాలకు పరుగెత్తారు. కొన్ని ఇళ్లలో బతుకమ్మ చీర కట్టుకోకుండానే బయలుదేరారు.

అలాగని అందరూ ట్రంప్‌ను తిట్టేవాళ్లే అనుకుంటే పొరపాటు. ‘వాళ్ల దేశం, వాళ్ల కొలువులు, వాళ్లు కాపాడుకోరా? మనకు స్థానికులకే ఉద్యోగాలు కావాలని మనం కొట్లాడలేదా?’ అని అడిగేవాళ్లు జనగామలోనూ ఉన్నారు, మానుకోటలోనూ ఉన్నారు. నీళ్లు, నిధులు, నియామకాలు అంటూ ఉద్యమం చేసి రాష్ట్రం తెచ్చుకున్నవాళ్లకు ఈ వాదం సూటిగా తగులుతుంది. జవాబు చెప్పడానికి కాస్త తడుముకోవాల్సిందే. 2024 నవంబరులో ట్రంప్ జట్టు గెలిచినప్పుడు ఉపాధ్యక్షుడు జేడీ వాన్స్ భార్య ఉషా చిలుకూరి పూర్వీకుల ఊరని పశ్చిమగోదావరి జిల్లా వడ్లూరులో సంబరాలు జరిగాయి. ఆ గెలుపే పది నెలలు తిరిగేసరికి ఎందరో తెలుగు తల్లిదండ్రులకు నిద్ర లేకుండా చేసింది.

అమెరికాలో పత్తి అన్నింటికన్నా ఎక్కువ పండేది టెక్సాస్‌లో. తెలుగు కుటుంబాలు పెద్దసంఖ్యలో స్థిరపడ్డదీ అక్కడే. డాలస్ నుంచి పడమరకు ఐదు గంటలు కారులో వెళితే లబ్బక్ వస్తుంది. చుట్టూ కనుచూపు మేర పత్తి. మనిషి ఒక్కడూ కనబడడు, ఇల్లంత యంత్రం వరుసల వెంట పోతూ తెల్లగా లాగేసుకుంటుంది. కోత కాలం మన దగ్గరిలాగే అక్టోబరు, నవంబరు. ఆ దారిన పోయే మన పిల్లాడు కారాపి, ఫోన్ తిప్పి వీడియోలో ఆ చేను చూపిస్తే ఇటువైపు నాన్న ట్రంప్ గురించి అడగడు, వీసా గురించీ అడగడు.

‘ఎకరానికి ఎన్ని క్వింటాళ్లట?’